కాగితపు మెఱుగు – కడితపు నునుపు

నునుపు, మెఱుపు అనే రెండు మాటలను లోకవ్యవహారం జంటగా పలుకుతుంది. కాని ఇవి వేర్వేరు గుణాలు. న్యాయవైశేషికుల పరిభాషలో స్పర్శ త్వగింద్రియ గ్రాహ్యం, రూపం చక్షురింద్రియ గ్రాహ్యం. నునుపు మొదటి దానికి, మెఱుపు రెండవ దానికి చెందుతాయి. అమరకోశం స్నిగ్ధ, మసృణ, చిక్కణ శబ్దాలను పర్యాయాలుగా చూపి వీటిని ఒకే గూటిలో చేర్చింది. ఆయుర్వేదాచార్యులు మాత్రం ద్రవ్యగుణాలను ఇరవైగా విభజించినప్పుడు శ్లక్ష్ణానికి ఎదురుగా ఖరాన్ని, స్నిగ్ధానికి ఎదురుగా రూక్షాన్ని వేర్వేరు జంటలుగా నిలిపారు. గరుకుదనం లేకపోవడం ఒకటి, జిడ్డు నిగ్గు ఉండడం మరొకటి అని వారి ఆశయం. కాగితం గురించి ఆలోచించే పండితునికి ఈ విషయంలో కోశకారుని కంటె వైద్యుడే మంచి దారి చూపుతాడు.

ఈ విచారం ఇప్పుడు అవసరం కావడానికి కారణం ఉన్నది. ప్రాచ్యకళాశాలల నుండి, సాహిత్యసంస్థల నుండి వెలువడే అభినందన సంచికలు, స్మారక సంపుటాలు, లఘుకావ్యాల ముద్రణలు కొంతకాలంగా ఆర్టు పేపరు మీద రావడం గౌరవచిహ్నమై కూర్చున్నది. రంగుబొమ్మ ఒక్కటైనా లేని వ్యాకరణ వ్యాసాన్ని సైతం నిగనిగలాడే దళసరి కాగితం మీద అచ్చువేసి, ఆ ఖర్చు కారణంగా పదసూచిని, పాఠాంతరాల పట్టికను తగ్గించుకొన్న గ్రంథాలు కనబడుతున్నాయి. పుస్తకం చేతిలో బరువుగా ఉన్నంత మాత్రాన విషయం బరువెక్కదు. అంతకు మించిన చేటు మరొకటి ఉన్నది. మడకశిర, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలలో పాత కరణాల ఇళ్ళలోను, పురోహితుల ఇళ్ళలోను మిగిలిన కాగితాలను బాగుచేయిస్తున్నామనే సదుద్దేశంతోనే జిరాక్సు దుకాణానికి తీసుకుపోయి ప్లాస్టిక్ పొరల మధ్య వేడితో అతికించడం అలవాటవుతున్నది. ఈ రెండింటికీ మూలం ఒకే భ్రాంతి. మెఱిసేది మన్నుతుందన్న నమ్మకమే అది.

మెఱుగు ఎట్లా పుడుతుందో ముందు చూడాలి. కాగితం స్వభావతః నారల అల్లిక. సూక్ష్మదర్శినిలో చూస్తే గుట్టలు, గుంటలు తప్ప సమతలం కనబడదు. వెలుగు దాని మీద పడి నలుదిక్కులకూ చెదిరిపోతుంది. కనుకనే మామూలు కాగితం తెల్లగా ఉంటుంది కాని మెఱవదు. దీనిని నునుపు చేయడానికి మూడు మార్గాలు ఉన్నాయి. మొదటిది ఒత్తిడి. ఉక్కు రోలర్ల మధ్య కాగితాన్ని నలిపి నడిపితే గుట్టలు అణగుతాయి. ఉక్కు రోలరుకు ఎదురుగా నూలుతోనో కాగితపు బిళ్ళలతోనో బిగించిన మెత్తని రోలరును ఉంచి, అటువంటి జంటలు అనేకం పేర్చిన యంత్రాన్ని సూపర్ క్యాలెండర్ అంటారు. అందులో మెత్తని రోలరు అణిగి స్వల్పంగా జారే రాపిడికి కాగితానికి నిగ్గు వస్తుంది. రెండవది వేడి లోహపు ముఖానికి తడికాగితాన్ని అంటించి ఆరబెట్టడం. పోస్టర్లకు, పొట్లాలకు వాడే ఒకవైపు మాత్రమే నునుపైన ఎం.జి. కాగితం ఇట్లా పుడుతుంది. మూడవది పూత. చీనామట్టి, సుద్ద వంటి తెల్లని ఖనిజచూర్ణాన్ని గంజితోనో, పాలలోని కేసిన్‌తోనో, కృత్రిమమైన లేటెక్సు జిగురుతోనో కలిపి కాగితం మీద పలుచగా పరచి ఆరనిచ్చి రోలర్ల మధ్య నడుపుతారు. ఆర్టు పేపరు ఇదే. పూత తడిగా ఉన్నప్పుడే అద్దంలా తోమిన క్రోమియం డ్రమ్ముకు అదిమి ఆరబెడితే ఇంకా గాఢమైన మెఱుపు వస్తుంది.

నునుపును, మెఱుపును కొలిచే పద్ధతులు కూడా వేరు కావడం ఇక్కడ గమనార్హం. కాగితాన్ని గాజుపలకకు అదిమి ఆ సందులోనుండి నిర్ణీత పరిమాణంలో గాలి జారిపోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కించేది నునుపు కొలత. 75 డిగ్రీల వాలులో వెలుగును పంపి ఎదుటి దిక్కుకు ఎంత తిరిగివచ్చిందో చూసేది మెఱుపు కొలత. నునుపు ఎక్కువగా ఉండి మెఱుపు తక్కువగా ఉండే మ్యాట్ కాగితం ఈ రెండింటి భేదానికి ప్రత్యక్ష నిదర్శనం.

ఈ పూత విద్య యూరపు నుండి దిగుమతి అయినదేనని అనుకోవడం పొరపాటు. మైసూరు సీమలోను, దానిని ఆనుకొన్న రాయలసీమ భాగాలలోను లెక్కలు వ్రాయడానికి వాడిన కడితం పూతపూసిన లేఖనసామగ్రియే. మడకశిర ఆ మైసూరు సరిహద్దులోనే, తెలుగు కన్నడాలు రెండూ ఇంటిభాషలైన చోట ఉన్నది. విల్క్స్ దొర 1810లో వెలువడిన తన దక్షిణదేశ చరిత్ర ప్రథమసంపుటంలో కడితాన్ని వర్ణించాడు. ఎనిమిది అంగుళాల నుండి అడుగు వరకు వెడల్పు, పన్నెండు నుండి పద్దెనిమిది అడుగుల పొడవు గల నూలుగుడ్డకు ఇరువైపులా బొగ్గుపొడి కలిపిన జిగురును పూసి, ఆరిన తరువాత కత్తిరించకుండానే సమానమైన మడతలుగా మడిచి, రెండు చివరలకు చెక్క అట్టలు బిగించేవారు. వ్రాసేది బలపంతో. జిగురుకు చింతపిక్కల పిండిని వాడేవారు. వ్రాసిన దానిని తుడిచి మరల వ్రాసుకోవచ్చు, పూత అరిగితే మరల పూసుకోవచ్చు. శృంగేరి మఠం వారు తమ కడితాలను భద్రపరచగా అవి చరిత్రకారుల పరిశోధనకు ఆధారమైనాయి. కన్నడంలో నేటికీ కార్యాలయపు ఫైలును కడత అనే పిలుస్తారు. తెలుగునాట ఆ పదం నిఘంటువులకు పరిమితమై పోయింది.

ఆధునిక ఆర్టు పేపరును ఈ కడితంతో పోల్చి చూస్తే అంగాలన్నీ కలుస్తాయి. అక్కడ ఆధారం నారకాగితం, ఇక్కడ నూలుగుడ్డ. అక్కడ చూర్ణం తెల్లని మట్టి, ఇక్కడ నల్లని బొగ్గు. అక్కడ బంధకం లేటెక్సు, ఇక్కడ చింతపిక్కల జిగురు. మరొక చిత్రం కూడా ఉన్నది. అనంతపురం, కర్నూలు ప్రాంతాలలో దొరికే బలపపురాయిని పొడిచేసి కాగితపు మిల్లులు గుజ్జులో కలుపుతాయి, కాగితం నునుపుదేరడానికి. కడితం మీద వ్రాసే సాధనమైన బలపం ఈ కాలంలో కాగితం పొట్టలో చేరి కూర్చున్నదన్న మాట.

అయితే భేదం ఒకటి ఉన్నది, అదే ఈ వ్యాసానికి జీవం. కడితాన్ని చేసినవాడు నునుపును కోరాడు, మెఱుపును కోరలేదు. గుడ్డ నేత గరుకు బలపానికి అడ్డుతగలకూడదు కనుక నునుపు కావాలి. బలపపు కణాలు కొన్ని అరిగి పూతకు పట్టుకోవాలి కనుక మెఱుపు పనికిరాదు. గాజులా నిగ్గుదేరిన తలం మీద బలపం జారిపోతుందే కాని గీత పడదు. ఆకుపసరు, బొగ్గుపొడి కలిపి నల్లబల్లను రుద్దిన పల్లెటూరి పంతుళ్ళకు ఈ మర్మం తెలుసు. ఎనామిల్ రంగు పూసిన బల్ల మీద సుద్దముక్క కిచకిచలాడడం, కిటికీ వెలుగు బల్ల మీద మెఱిసి చివరి వరుస పిల్లలకు అక్షరం కనబడకపోవడం తరగతిగదులలో పనిచేసిన వారందరూ ఎఱిగినదే.

తాటాకు విషయం కూడా ఇట్లాంటిదే. ఆకును ఉడికించి లేదా నానబెట్టి, నీడన ఆరబెట్టి, నున్నని రాతితోనో శంఖంతోనో రుద్ది చదును చేస్తారు. గంటం ఈనెలకు తగిలి తప్పుదారి పట్టకుండా సాగడానికే ఆ నునుపు. గీసిన గాడిలో మసి నిలవాలి, పైభాగాన తుడిచివేస్తే పోవాలి. చేతికాగితం వచ్చిన తరువాత వ్రాతసాధనం గంటం నుండి కలానికి మారింది. సిరా నారల వెంట పాకకుండా గంజి పెట్టవలసి వచ్చింది. మగ్గం మీద పడుగుకు గంజి పెట్టే నేతగాడు, కాగితానికి గంజి పెట్టే కాగదీ ఒకే విద్యలోని ఇద్దరు శిష్యులు. గంజి ఆరిన తరువాత కాగితాన్ని చెక్కపలక మీద పరచి అకీకు రాయితో గాని, శంఖంతో గాని రుద్దేవారు. పారశీక లిపికారులు దీనిని మొహరా అనేవారు. కలం ఎక్కడా చిక్కుపడకుండా వంపులు తిరగడానికి అది అవసరం. గంజి వలన చేటు కూడా వచ్చింది. రామబాణపు పురుగుకు, చెదలకు అది విందుభోజనం. అందుకే ఉత్తరదేశపు ప్రతులలో కొన్నింటికి హరితాళం పూసి పురుగును దూరంగా ఉంచారు. తప్పు వ్రాసిన అక్షరాన్ని కప్పివేయడానికి కూడా హరితాళమే.

ఇంతవరకు చూచిన వాటిలో నునుపు ప్రతిచోటా వ్రాసే చేతికి సేవ చేసింది. ముద్రణ వచ్చిన తరువాత లక్ష్యం మారింది. బర్మింగ్‌హామ్ ముద్రాపకుడు బాస్కర్విల్ 1757లో వర్జిల్ కావ్యాలను అచ్చువేసినప్పుడు అచ్చైన కాగితాలను వేడి లోహపు ఒత్తిడికి గురిచేసి నిగ్గు తెచ్చాడు. అక్షరపు సన్నగీత చెదరకుండా తేటగా నిలవాలని ఆయన తాపత్రయం. ఆ తరువాత శతాబ్దిలో ఫోటోను సన్నని చుక్కలుగా విడదీసి అచ్చువేసే హాఫ్‌టోన్ పద్ధతి ప్రచారంలోకి రాగానే పూత కాగితానికి దశ తిరిగింది. వార్తాపత్రికల గరుకు కాగితం అంగుళానికి 65 నుండి 85 గీతల జాలకాన్ని మాత్రమే భరించగలదు. అంతకంటె సన్నమైతే చుక్కలు పాకి ఒకదానితో ఒకటి కలిసి బొమ్మ మసక బారుతుంది. ఆర్టు పేపరు మీద 133, 150, 175 గీతల వరకు పోవచ్చు. సిరా లోనికి ఇంకకుండా పైననే నిలుస్తుంది కనుక రంగు ప్రకాశిస్తుంది.

కనుక ఆర్టు పేపరును మొత్తంగా నిందించడం అన్యాయం. హిందూపురానికి చేరువలోని లేపాక్షి వీరభద్రాలయపు కప్పు మీద 16వ శతాబ్ది చిత్రకారులు సున్నపుగార మీద వ్రాసిన బొమ్మలలో వస్త్రాల అంచులు, తలపాగాలు, చీరల గళ్ళు పరిశీలించదలచిన వానికి గరుకు కాగితం మీది బొమ్మ ఏమాత్రమూ ఉపకరించదు. ధర్మవరం నేత నమూనాలకు, నిమ్మలకుంట తోలుబొమ్మలకు కూడా ఇదే న్యాయం వర్తిస్తుంది. అయితే తోలుబొమ్మ విషయంలో ఒక మాట. మేకతోలును గీకి పలుచన చేసి దానికి రంగు వేసేది వెలుగును వెనక్కు కొట్టడానికి కాదు, తన గుండా పోనివ్వడానికి. ఆ రంగును మెఱిసే కాగితం మీద ఎంత శ్రద్ధగా అచ్చువేసినా తెర మీద దీపం వెలుగులో చూచిన అనుభవం రాదు.

బొమ్మకు ఒప్పినది అక్షరానికి ఒప్పుతుందా అన్నదే ప్రశ్న. మెఱిసే పుట మీద ట్యూబులైటు వెలుగు పడినప్పుడు పాఠకుడు పుస్తకాన్ని అటూ ఇటూ వంచి చదువుకోవాలి. అర్థానుస్వారం, సంయుక్తాక్షరాల క్రింది వత్తులు, స్వరచిహ్నాలు, పాఠాంతర సూచకమైన చిన్న అంకెలు గల మన గ్రంథాలలో ఒక్క చుక్క కనబడకపోయినా అర్థం మారుతుంది. మడకశిర సీమలోని హేమావతి, అనగా నొళంబుల నాటి హెంజేరు, ఈ సంగతిని మరొక రీతిలో బోధిస్తుంది. అక్కడి నల్లరాతి స్తంభాల పనితనం, వాటి నునుపు ప్రసిద్ధం. ఎదురువెలుగులో మెఱిసే రాతి మీద అక్షరం చదవడం ఎంత కష్టమో శాసనపరిశోధకులకు చెప్పనక్కరలేదు. పక్కవాటుగా వెలుగు పడినప్పుడే గాడిలో నీడ ఏర్పడి అక్షరం లేస్తుంది.

ఆ శాసనాలకు ప్రతులు తీసే పద్ధతిని ఇక్కడ స్మరించాలి. రాతిని కడిగి, తడిపిన కాగితాన్ని దానిమీద పరచి, కుంచెబ్రష్షుతో తట్టి తట్టి అక్షరపు గుంటలలోనికి దించుతారు. కొంత ఆరిన తరువాత సిరా అద్దిన మెత్తతో పైన ఒత్తితే రాతితలం నల్లగాను, అక్షరం తెల్లగాను తేలుతుంది. ఈ పనికి గంజి ఎక్కువ పెట్టిన కాగితం గాని, పూతకాగితం గాని అక్కరకు రాదు. పూత తడికి కరిగి పిండి అవుతుంది, లేదా కాగితం బిరుసెక్కి గుంటలోనికి దిగదు. మెత్తగా, నీరు పీల్చేదిగా, అయినా తడిలో చిరగనిదిగా ఉండే సాదా కాగితమే కావాలి. మద్రాసు రాజధానిలోని కన్నడ శాసనాలను సంకలించిన దక్షిణ భారత శాసనాలు తొమ్మిదవ సంపుటం ప్రథమభాగం 1939లో వెలువడింది. అటువంటి సంపుటాల వెనుక ఉన్నది మెఱుగు లేని ఈ పేదకాగితమే.

మన్నిక సంగతికి వస్తే వాదం కొంత జాగ్రత్తగా నడవాలి. బ్రౌను దొర కడపలో పండితులను కూర్చి, తాళపత్రప్రతులను పోల్పించి, కాగితం మీద వ్రాయించిన సాపుప్రతులు చెన్నపట్టణపు ప్రాచ్య లిఖితగ్రంథాలయానికి చేరి నేటికీ పరిశోధకులకు ఉపకరిస్తున్నాయి. వాటి కంటె ఎంతో తరువాత 20వ శతాబ్ది పూర్వార్ధంలో అచ్చైన అనేక గ్రంథాలు చేత పట్టుకుంటే పొడి రాలుతున్నాయి. దీనికి కారణం మెఱుపు లేకపోవడం కాదు. 1807లో జర్మనీలో ఇల్లిగ్ ప్రకటించిన పటిక, గుగ్గిలపు పద్ధతి గంజికి, జంతుచర్మపు జిగురుకు బదులుగా ప్రపంచమంతటా వ్యాపించింది. పటికలోని ఆమ్లం నారను క్రమంగా కొరికివేసింది. చెక్కను నూరి చేసిన చవుక గుజ్జు దానికి తోడైంది. సుద్దపూత గల నేటి ఆర్టు పేపరు ఆమ్లదోషం విషయంలో నిజానికి కొంత మేలే, ఎందుకంటే సుద్ద ఆమ్లాన్ని హరిస్తుంది. ఈ మాట దాచిపెట్టడం శాస్త్రవిరుద్ధం.

కాని ఆర్టు పేపరుకు నీరే మృత్యువు. వానచినుకు కారిన బీరువాలో తడిసిన సాదా పుస్తకాన్ని పుటపుటకూ విప్పి గాలికి ఆరబెట్టుకోవచ్చు. పూతకాగితం తడిసి ఆరితే జిగురు కరిగి పుటలన్నీ ఒకే ఇటుకగా అతుక్కుంటాయి. తడి ఆరకముందే ప్రతి పుటను వేరుచేయకపోతే ఆ గ్రంథం మీద ఆశ వదలుకోవలసిందే. వర్షం తక్కువైన సీమ కదా అని ధైర్యం చెప్పుకోవచ్చు. అయినా ఈ సీమలో వాన పడినప్పుడు ఒక్క రాత్రిలోనే చెరువులు తెగుతాయన్నది కూడా అనుభవమే. ఇక పొడిగాలి చేసే పని వేరు. ముఖపత్రానికి అతికిన ప్లాస్టిక్ పొర గాలిలోని తేమకు మారదు, అట్ట మారుతుంది. ఎండకాలంలో మడకశిర వంటి చోట పుస్తకపు అట్టలు అప్పడాల వలె వంకర తిరగడానికి కారణం ఇదే.

అన్నింటికంటె తీవ్రంగా ఖండించవలసినది పాత పత్రాలకు చేయించే లామినేషన్. భారత జాతీయ అభిలేఖాగారం వారు పూర్వం సెల్యులోజ్ ఎసిటేట్ రేకును, పలుచని టిష్యూ కాగితాన్ని ఎసిటోన్ ద్రవంతో పత్రానికి పట్టించే పద్ధతిని అనుసరించారు. అక్కడ పత్రపు ఆమ్లాన్ని ముందు పోగొట్టేవారు, అవసరమైతే అదే ద్రవంతో రేకును మరల కరిగించి తీయవచ్చు. దుకాణంలో జరిగేది దీనికి పూర్తిగా విరుద్ధం. వేడికి కరిగిన జిగురు నారలలోనికి ఇంకిపోతుంది. ఆమ్లం, పురుగు గ్రుడ్లు, తేమ, అన్నీ లోపలే బందీలవుతాయి. కొన్ని సిరాలు వేడికి రంగు మారుతాయి. తీయబోతే అక్షరం ప్లాస్టిక్‌తో పాటు ఊడివస్తుంది. నీటిగుర్తులు, కాగితపు స్పర్శ, మొహరా రుద్దిన జాడ, కాలనిర్ణయానికి పనికివచ్చే సాక్ష్యమంతా ఒక్క నిమిషంలో నశిస్తుంది. చేయించిన గృహస్థును నిందించి ప్రయోజనం లేదు. 2003లో జాతీయ పాండులిపి ఉద్యమం ఆరంభమైన తరువాత కూడా ఆయన గుమ్మం దాకా వెళ్ళి ఈ నాలుగు మాటలు చెప్పిన అధ్యాపకులు ఎందరు?

2022లో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడి మడకశిర, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఒకే జిల్లాలోనికి వచ్చాయి. ఈ నాలుగు చోట్ల ఉన్న భాషోపాధ్యాయులు తలచుకుంటే ఇంటింటి పత్రాల పరిశీలన కష్టం కాదు. పత్రాన్ని మెత్తని బ్రష్షుతో దులిపి, ఆమ్లరహితమైన సాదా కాగితపు మడతలో ఉంచి, గుడ్డలో కట్టి, ఫోటో తీసుకొని యజమానికే తిరిగి అప్పగించాలి. చిరిగిన చోట సెల్లోటేపు అంటించరాదు, పలుచని టిష్యూను పలుచని పిండిజిగురుతో అతికించాలి, అదైనా తెలిసినవారి చేత. కళాశాలల ప్రచురణలకు మూలపాఠం, వ్యాఖ్యానం, సూచికలు అన్నీ ఆమ్లరహితమైన మెఱుపు లేని కాగితం మీద రావాలి. చిత్రఫలకాలు ఉంటే వాటిని మాత్రం మ్యాట్ పూత కాగితం మీద వేరుగా అచ్చువేసి గ్రంథాంతంలో దారంతో కుట్టించాలి. అట్లా మిగిలిన సొమ్ముతో పదసూచికి మరొక ఫారం చేర్చవచ్చు. అచ్చుకు ఇచ్చే ముందు కాగితపు నమూనాను బల్లదీపం క్రింద పెట్టి, ఱకార రకారాల భేదం తల వంచకుండా కనబడుతున్నదా లేదా అని సంపాదకుడు స్వయంగా చదివి చూచుకోవాలి.